వైద్యం అడ్డా దాకా రావాలి

హైదరాబాదు పడమటి వైపున, మాదాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా సాగే సైబరాబాదు ఐటీ కారిడార్‌లో, ఆసుపత్రులకు కొదవ లేదు. పేరున్న కార్పొరేట్ ఆసుపత్రులు ఇక్కడే ఉన్నాయి. కొండాపూర్‌లో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది, బస్తీల్లో దవాఖానాలు ఉన్నాయి. 108కి ఫోన్ చేస్తే అంబులెన్స్ వస్తుంది. ఆ 108 సేవ 2005లో పుట్టిందే ఈ నగరంలో. ఇన్ని ఉన్నచోటే, ఫ్లైఓవర్ల కింద, మెట్రో స్తంభాల నడుమ, నిర్మాణం నడుస్తున్న టవర్ల ప్రహరీల వెంట పడుకునే మనుషులకు చిన్న జబ్బులే ముదిరి ప్రాణాల మీదికి వస్తున్నాయి. ఆసుపత్రి దగ్గర్లో ఉండటం వేరు, వైద్యం అందడం వేరు. ఈ రెంటికీ మధ్య ఇంత ఎడం ఎందుకు ఏర్పడింది, దాన్ని ఎవరు పూడ్చగలరు అన్నదే ఈ ప్రసంగంలో నేను చర్చించదలచుకున్న విషయం. నా సమాధానం ముందే చెబుతాను. రోగి ఉన్నచోటికి వెళ్లి, పరీక్ష చేసి, మందు మొదలుపెట్టి, నయమయ్యేదాకా మళ్లీ మళ్లీ వచ్చి చూసే నర్సు పూడ్చగలరు. అందుకు తగిన శిక్షణా, అధికారమూ రెండూ ఉన్న నర్సును ప్రపంచంలో చాలాచోట్ల నర్స్ ప్రాక్టీషనర్ అంటారు. సైబరాబాదుకు ఆ కొలువు కావాలి.

ముందుగా ఆ మనుషులెవరో చూద్దాం. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటికి దాని చుట్టూ ఉన్నవి గ్రానైటు గుట్టలే. ఆ గుట్టల్ని పగలగొట్టి, పునాదులు తవ్వి, అంతస్తు మీద అంతస్తు లేపినవాళ్లలో పాలమూరు వలస కూలీలు ఉన్నారు. ఒడిశా, బీహార్, జార్ఖండ్, బెంగాల్ నుంచి వచ్చినవాళ్లూ ఉన్నారు. పని నడిచినన్నాళ్లు లేబర్ క్యాంపులో రేకుల షెడ్డు దొరుకుతుంది. ఆ పని అయిపోయి ఇంకోటి దొరికేలోగా ప్లాస్టిక్ పట్టా కప్పిన గుడిసో, ఫుట్‌పాతో గతి. వీళ్లతో పాటు చెత్త ఏరుకునేవాళ్లు, సిగ్నళ్ల దగ్గర బొమ్మలూ బుడగలూ అమ్మేవాళ్లు, కన్నబిడ్డలు వదిలేసిన ముసలివాళ్లు, మతి స్థిమితం తప్పి ఊరూ పేరూ చెప్పలేనివాళ్లు, మొగుడి దెబ్బలకు తాళలేక పిల్లల్ని తీసుకుని వచ్చేసిన ఆడవాళ్లు. 2011 జనగణనలో ఫిబ్రవరి 28 రాత్రి దేశమంతటా ఇల్లు లేనివాళ్లను వెతికి లెక్కపెట్టారు. తేలినవాళ్లు 17.7 లక్షల మంది. అందులో పట్టణాల్లో ఉన్నవాళ్లు 9.4 లక్షలు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాటా 1.45 లక్షలు. ఒక్క రాత్రిలో ముగించే లెక్కకు అందనివాళ్లు ఎప్పుడూ ఉంటారు. రాత్రి కాపలా పనిలో ఉన్నవాడు ఆ లెక్కకు దొరకడు. యూనిఫారం చూడగానే పక్కకు తప్పుకునే ఆడమనిషి అసలే దొరకదు.

వీళ్ల విషయంలో మన వ్యవస్థ ఇప్పటిదాకా రెండు పనులు చేసింది. కొంత నీడ ఇచ్చింది, అప్పుడప్పుడు కళ్లకు కనపడకుండా పంపేసింది. 2010లో సుప్రీంకోర్టు ఆహార హక్కు కేసు విచారిస్తూ, పెద్ద నగరాల్లో లక్ష జనాభాకు ఒకటి చొప్పున 24 గంటలూ తెరిచి ఉండే ఆశ్రయాలు ఏర్పాటు చేయాలని ఆదేశించింది. 2013లో వచ్చిన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ కూడా అదే కొలత పెట్టుకుంది. ఒక్కో ఆశ్రయంలో 50 నుంచి 100 మంది, ఒక్కో మనిషికి 50 చదరపు అడుగుల చోటు. గ్రేటర్ హైదరాబాదు జనాభా 2011లోనే 67 లక్షలు. ఆ కొలత ప్రకారం అరవైకి పైగా ఆశ్రయాలు ఉండాలి. నడుస్తున్నవి అందులో కొద్ది భాగమే, వాటిలోనూ కొన్ని పెద్దాసుపత్రుల దగ్గర రోగుల వెంట వచ్చినవాళ్ల కోసం కట్టినవి. ఇక పంపేయడం సంగతి. 2017 నవంబరు 28 నుంచి 30 దాకా మాదాపూర్ దగ్గరి అంతర్జాతీయ సమావేశ కేంద్రంలో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు జరిగింది. దానికి ముందు నగర పోలీసులు రెండు నెలల పాటు బిచ్చమెత్తడాన్ని నిషేధించారు. రోడ్ల మీద దొరికినవాళ్లను చర్లపల్లి, చంచల్‌గూడ జైళ్ల ఆవరణల్లో పెట్టిన ఆనందాశ్రమాలకు తరలించారు. అక్కడ భోజనం పెట్టారు, పడక ఇచ్చారు, కాదనను. కానీ ఒక సభ తేదీలను బట్టి చేసే ఏర్పాటు మనుషుల జబ్బుల తేదీలకు సరిపోదు. రోడ్డు మీద బతికే మనిషికి రోజూ ఏం కావాలన్న ప్రశ్న అలాగే మిగిలిపోయింది.

ఏం కావాలో తెలియాలంటే ఒక్క పాదాన్ని దగ్గరగా చూస్తే చాలు. తడి సిమెంటుకు చర్మాన్ని కాల్చే గుణం ఉంది. స్లాబు పోసే రోజున బూట్లు లేని కాళ్లు గంటల తరబడి అందులో నానితే వేళ్ల సందులు, మడమలు పొరలుగా లేచిపోతాయి. ఆ కూలీకి షుగరు ఉందనుకుందాం. ఉన్నట్టు అతనికి తెలియదు. షుగరు ఏళ్ల తరబడి పట్టించుకోకపోతే అరికాలిలో స్పర్శ పోతుంది. సెంట్రింగు మేకు గుచ్చుకున్నా నొప్పి తెలియదు. పుండు పడుతుంది, మట్టి చేరుతుంది, చీము పడుతుంది, వాపు చీలమండ దాకా ఎక్కుతుంది. ఈ పాదానికి మొదటి వారంలో ఏం చేయాలి? సెలైన్‌తో శుభ్రంగా కడగాలి. చచ్చిన చర్మం తీసేయాలి. వేలి మీద సూది పోటు పొడిచి, నిమిషంలో షుగరు చూడాలి. సన్నటి నైలాన్ పోగును అరికాలికి అక్కడక్కడా ఆనించి, స్పర్శ ఎంత మిగిలిందో కనుక్కోవాలి. ధనుర్వాతం రాకుండా ఇంజెక్షన్ ఇవ్వాలి. అవసరాన్ని బట్టి యాంటీబయాటిక్ మాత్రలు మొదలుపెట్టాలి. పుండు మీద బరువు పడకుండా చెప్పు సరిచేయాలి. ఆపైన రెండు మూడు రోజులకోసారి కట్టు విప్పి, చూసి, మళ్లీ కట్టాలి. ఇందులో సర్జను మాత్రమే చేయగలిగిన పని ఒక్కటీ లేదు. ఈ పనులేవీ జరగకపోతే మాత్రం చివరికి సర్జనే కావలసి వస్తుంది, కాలు తీసేయడానికి. కాలు పోయిన కూలీ మళ్లీ అడ్డా మీద, అంటే రోజుకూలీలు పని కోసం ఎదురుచూసే కూడలిలో, నిలబడలేడు. అతని మీద ఆధారపడినవాళ్లు ఎక్కడో నారాయణపేట పల్లెలోనో, ఒడిశాలోని కలహండిలోనో ఉంటారు.

మరి మొదటి వారంలోనే అతను దవాఖానాకు ఎందుకు పోడు? 2018లో మొదలైన బస్తీ దవాఖానాలు మంచి ఏర్పాటు. ఒక డాక్టరు, ఒక స్టాఫ్ నర్సు, ఒక సహాయకుడు. ఐదు నుంచి పది వేల జనాభాకు ఒకటి చొప్పున. రక్త పరీక్షలు తెలంగాణ డయాగ్నొస్టిక్స్ ద్వారా ఉచితం. వాటి మేలును నేను తక్కువ చేయను. కానీ వాటిని సాధారణంగా ఉదయం 9 గంటలకు తెరిచి సాయంత్రం 4 గంటలకు మూస్తారు. అడ్డా కూలీ తెల్లవారగానే నిలబడతాడు. తొమ్మిదయ్యేసరికి మేస్త్రీ వచ్చి పనికి తీసుకుపోయి ఉంటాడు, లేకపోతే ఆ రోజు కూలి లేనట్టే. పని దిగి వచ్చేసరికి దవాఖానాకు తాళం పడి ఉంటుంది. రెండో అడ్డంకి కాగితం. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో తెలంగాణ పది లక్షల రూపాయలకు పెంచింది. దాన్ని వాడుకోవడానికి ఇక్కడి పేదరికపు కార్డు చూపించాలి. ఒడిశా కూలీ దగ్గర ఆ కార్డు ఉండదు. టీబీ రోగికి పోషణ కోసం కేంద్రం ఇచ్చే డబ్బు నెలకు 500 ఉండేది, 2024 నవంబరు నుంచి వెయ్యి రూపాయలైంది. అది బ్యాంకు ఖాతాలోనే పడుతుంది. వీధిలో బతికేవాళ్లలో ఎందరికి నడుస్తున్న ఖాతా ఉంటుంది? మూడో అడ్డంకి తోడు. పెద్దాసుపత్రిలో చేరితే వెంట మనిషి ఉండాలి. స్ట్రెచరు తోయాలన్నా, రిపోర్టు తేవాలన్నా, రక్తం సమకూర్చాలన్నా ఆ మనిషినే పిలుస్తారు. నాలుగోది డిశ్చార్జి రోజు. ఇంటికి వెళ్లి రెండు వారాలు విశ్రాంతి తీసుకోమని చీటీ మీద రాస్తారు. ఇల్లు లేని మనిషి ఆ చీటీ పట్టుకుని మళ్లీ ఫ్లైఓవర్ కిందికే పోతాడు.

ఈ నాలుగు అడ్డంకులనూ కలిపి చూస్తే కావలసిన మనిషి రూపురేఖలు తేలతాయి. ఆ మనిషి తానే రావాలి. కూలీకి వీలున్న వేళకు రావాలి. వచ్చిన మనిషే మళ్లీ రావాలి. వచ్చాక అక్కడికక్కడ నిర్ణయం తీసుకోగలగాలి. ఆశా కార్యకర్త రాగలరు, కానీ వైద్యం మొదలుపెట్టలేరు. డాక్టరు వైద్యం మొదలుపెట్టగలరు, కానీ కట్టు మార్చడానికి మూడు రోజులకోసారి ఫుట్‌పాత్ మీదికి రావడం ఆచరణలో జరిగే పని కాదు. ఈ ఇద్దరి మధ్య ఉన్న చోటు నర్సుది. ఇది నేను ఊహించి చెబుతున్నది కాదు. 1965లో అమెరికాలోని కొలరాడోలో లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టరు కలిసి మొట్టమొదటి నర్స్ ప్రాక్టీషనర్ శిక్షణ మొదలుపెట్టారు. 2000లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో, న్యూయార్క్‌లో 1,316 మంది రోగుల్ని చీటీ వేసినట్టు పంచి, కొందరిని నర్స్ ప్రాక్టీషనర్లకు, కొందరిని డాక్టర్లకు అప్పగించారు. ఆరు నెలల తరవాత చూస్తే రెండు జట్ల ఆరోగ్యంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ప్రాథమిక వైద్యంలో డాక్టరు స్థానంలో నర్సు పనిచేసినప్పుడు ఏం జరుగుతుందో పరిశీలించిన 18 ప్రయోగాలను 2018లో కాక్రేన్ సంస్థ సమీక్షించింది. అక్కడా తేలింది అదే. ఫలితాలు సమానంగానో, కొంత మెరుగుగానో ఉన్నాయి.

ఇల్లు లేనివాళ్ల వైద్యంలో ఈ పద్ధతికి పెద్ద ఉదాహరణ అమెరికాలోని బోస్టన్. ఆ నగరంలో పైన్ స్ట్రీట్ ఇన్ అనే ఆశ్రయంలో 1970ల నుంచే నర్సులు సొంతంగా క్లినిక్ నడిపేవారు. 1985లో జిమ్ ఓకానెల్ అనే యువ డాక్టరు అక్కడ ఇల్లు లేనివాళ్ల కోసం మొదలైన కొత్త వైద్య కార్యక్రమంలో చేరారు. బార్బరా మకినిస్ అనే నర్సు ఆయన్ను స్టెతస్కోపు పక్కన పెట్టమని, ముందు రోగుల కాళ్లు కడగమని చెప్పారు. ఆయన వారాల తరబడి అదే పని చేశారు. మాటకు పలకని మనుషులు, ఆసుపత్రి పేరెత్తితే పారిపోయేవాళ్లు, కాళ్లు కడిగించుకుంటూ నోరు విప్పడం ఆయన చూశారు. ఆసుపత్రి నుంచి బయటపడ్డాక కోలుకునేందుకు ఆ కార్యక్రమం తెరిచిన కేంద్రానికి ఆ నర్సు పేరే పెట్టారు. వీధి వైద్యంలో మొదటి మందు నమ్మకం, అది ఒకే మనిషి పదేపదే రావడం వల్ల పుడుతుంది. రోజుకు వంద మందిని చూడవలసిన ఓపీ గదిలో దానికి సమయం ఉండదు.

పరదేశపు సాక్ష్యం మనకు చెల్లదనేవాళ్ల కోసం మన దేశపు సాక్ష్యం ఉంది. 1956లో మద్రాసులో టీబీ రోగుల మీద ఒక ప్రయోగం మొదలైంది. అప్పటిదాకా టీబీ అంటే శానిటోరియం. మంచం, మంచి తిండి, విశ్రాంతి లేకుండా జబ్బు తగ్గదని వైద్య ప్రపంచమంతా నమ్మేది. మద్రాసులో రోగుల్ని రెండు జట్లుగా చేసి, ఒక జట్టును శానిటోరియంలో ఉంచారు, రెండో జట్టుకు వాళ్ల ఇరుకు ఇళ్లలోనే ఏడాది పాటు మందులిచ్చి, ఆరోగ్య సిబ్బంది ఇంటికి పోయి చూస్తూ వచ్చారు. 1959లో ఫలితం వచ్చింది. ఇంట్లో ఉన్నవాళ్లకు దాదాపు అదే స్థాయిలో నయమైంది. వాళ్ల ఇంటివాళ్లకు అంటుకునే ముప్పు కూడా పెరగలేదు. ప్రపంచంలో టీబీ వైద్యం శానిటోరియం నుంచి వీధిలోకి రావడానికి ఆ ఫలితం పెద్ద కారణం. పేదరికం వైద్యానికి అడ్డమని అంతదాకా అనుకున్నారు. మందులు ఆగకుండా అందేలా ఎవరైనా పట్టించుకుంటే పేదరికంలోనూ జబ్బు తగ్గుతుందని ఆ ప్రయోగం రుజువు చేసింది. సైబరాబాదులో గ్రానైటు తవ్వే, రాయి కోసే కూలీల ఊపిరితిత్తుల్లో రాతి దుమ్ము చేరుతుంది. ఆ దుమ్ము పీల్చినవాళ్లకు టీబీ వచ్చే అవకాశం ఎక్కువ. మామూలు టీబీకి ఆరు నెలలు మాత్రలు వాడాలి. ఆరు నెలల్లో ఆ కూలీ మూడు సైట్లు మారతాడు. అతని వెంట వైద్యం కూడా మారాలి కదా.

మన రాష్ట్రంలోనే ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. సిజేరియన్లను తగ్గించాలని ఆ సర్వేకు ముందే, 2017లో, రాష్ట్ర ప్రభుత్వం, యూనిసెఫ్, హైదరాబాదులోని ఫెర్నాండెజ్ సంస్థ కలిసి కరీంనగర్‌లో 30 మంది నర్సులకు పద్దెనిమిది నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టాయి. సాధారణ కాన్పును మొదటి నుంచి చివరి దాకా సొంత బాధ్యత మీద చూసుకునే నర్సుల్ని తయారుచేయడం దాని ఉద్దేశం. మరుసటి ఏడాది కేంద్రం దేశమంతటికీ నర్స్ ప్రాక్టీషనర్ మిడ్‌వైఫ్ మార్గదర్శకాలు తెచ్చింది. ఐసీయూ కోసం నర్స్ ప్రాక్టీషనర్ అనే రెండేళ్ల పీజీ కోర్సు అంతకుముందే వచ్చింది. పల్లెల్లో ఉపకేంద్రాలకు బీఎస్సీ నర్సుల్ని కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్లుగా నియమిస్తున్నారు; వాళ్లు బీపీ, షుగరు రోగుల్ని చూసి, డాక్టరు సలహాతో మందులు కొనసాగిస్తున్నారు. 2017 జాతీయ ఆరోగ్య విధానం నర్స్ ప్రాక్టీషనర్ల వర్గాన్ని పెంచాలని స్పష్టంగా రాసింది. అంటే ఐసీయూకి ఒప్పుకున్నాం, కాన్పు గదికి ఒప్పుకున్నాం, పల్లెకు సగం ఒప్పుకున్నాం. నగరపు ఫుట్‌పాత్‌కు మాత్రమే ఇంకా ఒప్పుకోలేదు.

ఇక అభ్యంతరాలకు వద్దాం. మొదటిది, అన్నిటికన్నా బరువైనది: డబ్బున్నవాడికి డాక్టరూ, దిక్కులేనివాడికి నర్సా? పేదవాళ్లకు రెండో రకం వైద్యం అంటగట్టడం కాదా? ఈ ప్రశ్న అడిగేవాళ్ల మనసు మంచిది. నేనూ దీన్ని తేలిగ్గా తీసుకోను. వైద్యం రకాన్ని ఇచ్చే మనిషి డిగ్రీతో కొలవాలా, రోగికి దక్కే ఫలితంతో కొలవాలా? పాదం మీది పుండు మానిందా, టీబీ కోర్సు పూర్తయిందా, కుక్క కరిచాక రేబిస్ టీకా చివరి డోసు దాకా పడిందా, ఇవీ కొలతలు. ఆరుబయట పడుకునేవాళ్లకు కుక్కకాటు ఎప్పుడూ పొంచి ఉంటుంది. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం, సకాలంలో టీకా వేస్తే చావు తప్పుతుంది. టీకా వారాల మీద విడతలుగా వేయాలి. మొదటి డోసు డాక్టరు చేతి మీదుగా పడి, తరవాతివి పడకపోతే అది మొదటి రకం వైద్యమెలా అవుతుంది? అయితే ఒక షరతు మీద నేను గట్టిగా నిలబడతాను. నర్సు వెనక డాక్టరు ఉండి తీరాలి. నర్సు పంపిన రోగిని కొండాపూర్ ఆసుపత్రి అదే రోజు, కార్డు అడగకుండా, తోడు అడగకుండా చేర్చుకోవాలి. ఆ తలుపు మూసి ఉంటే పేదవాళ్లకు తక్కువ రకం వైద్యం ఇచ్చారన్న ఆరోపణ నిజమవుతుంది.

రెండో అభ్యంతరం చట్టానిది. మందులు రాసే అధికారం డాక్టరుది; నర్సు రాస్తే యాంటీబయాటిక్‌లు విచ్చలవిడిగా వాడతారేమో, ప్రమాదకరమైన జబ్బు చేయి దాటిపోతుందేమో అని భయం. భయంలో న్యాయం ఉంది, అందుకే హద్దులు కావాలి. ప్రభుత్వ కార్యక్రమాల కింద నర్సులు, ఏఎన్‌ఎంలు కొన్ని మందులు ఇవ్వడానికి నిబంధనల్లో ఇప్పటికే వీలుంది. దాన్ని పెంచి, ఒక జాబితా, ప్రతి జబ్బుకూ రాసిపెట్టిన పద్ధతి, ఏ లక్షణం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి పంపాలో తెలిపే హెచ్చరికలు తయారుచేయవచ్చు. ఛాతీ నొప్పి, రక్తం కక్కడం, స్పృహ తప్పడం, గర్భిణికి రక్తస్రావం వంటివి నర్సు తన దగ్గర ఉంచుకోకూడదు. మిగతా సందేహాలకు ఫోన్‌లో డాక్టరు దొరకాలి. ప్రభుత్వ టెలిమెడిసిన్ సేవ ఈసంజీవని లాంటి ఏర్పాటు 2019 నుంచి ఉంది. 2023లో పార్లమెంటు జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం చేసింది. నర్సుల చదువునూ, వృత్తినీ కొత్తగా తీర్చిదిద్దే ఈ సమయమే నర్స్ ప్రాక్టీషనర్ హద్దులు రాసుకోవడానికి తగిన సమయం. ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. ఇప్పుడు ఆ కూలీ మందులు ఎక్కడ తెచ్చుకుంటున్నాడు? జ్వరమని చెప్పి మెడికల్ షాపులో అడిగితే, కౌంటరు వెనక కుర్రవాడు నాలుగు రకాల మాత్రలు కాగితంలో చుట్టి ఇస్తాడు. నర్సు అధికారాన్ని పోల్చి చూడవలసింది ఈ అలవాటుతో.

మూడో అభ్యంతరం ఇళ్ల గురించి మాట్లాడేవాళ్లది. ఫుట్‌పాత్ మీదే కట్లు కడుతూ పోతే ఫుట్‌పాత్ బతుకే శాశ్వతమవుతుంది. ముందు ఇళ్లివ్వండి, ఆశ్రయాలు కట్టండి అంటారు. ఇల్లే అసలు మందు అన్నది నిజం. సుప్రీంకోర్టు చెప్పిన లెక్కకు ఆశ్రయాలు కట్టి తీరాలి, అందులో రాజీ లేదు. కానీ ఇల్లు వచ్చేదాకా పుండు ఆగదు. పైగా రోగి దగ్గరికి వెళ్లే నర్సు వల్లే చాలామందికి ఆశ్రయం దారి తెరుచుకుంటుంది. గుర్తింపు కాగితం, బ్యాంకు ఖాతా, వృద్ధాప్య పింఛను, ఊళ్లో ఉన్న అన్నకు ఒక ఫోను. ఇవన్నీ మనిషి నమ్మి మాట్లాడాకే మొదలవుతాయి. మతి తప్పినవాళ్ల విషయంలో ఇది ఇంకా నిజం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇల్లులేని మానసిక రోగులకు ఉచిత వైద్యం హక్కుగా ఇచ్చింది, దిక్కులేక తిరిగేవాళ్లను రక్షించే బాధ్యత పోలీసుల మీద పెట్టింది. ఆ హక్కు అందాలంటే రోజూ ఆ దారిన పోయి, పేరు పెట్టి పలకరించి, తిన్నావా అని అడిగే మనిషి ఉండాలి. ఎర్రగడ్డ మానసిక వైద్యశాలలో కుదుటపడి వచ్చినవాళ్లకు నెలనెలా వేయవలసిన ఇంజెక్షన్ ఆగిపోతే జబ్బు తిరగబెడుతుంది. ఆ నెల తేదీ గుర్తుపెట్టుకుని వచ్చేది నర్సే.

నాలుగోది డబ్బు. ఉన్న ఆసుపత్రులకే నర్సులు చాలడం లేదు, కొత్త కొలువులకు సొమ్మెక్కడిది అంటారు. సొమ్ము ఉంది, అది ఈ టవర్లలోంచే వచ్చింది. 1996 నాటి చట్టం ప్రకారం భవన నిర్మాణ వ్యయంలో ఒక శాతం సెస్సు కార్మిక సంక్షేమానికి కట్టవలసి ఉండేది. కొత్త కార్మిక కోడ్‌లలో కూడా ఆ సెస్సు ఉంది. ఈ నిధులు ఖర్చు కాకుండా పడి ఉంటున్నాయని సుప్రీంకోర్టు రాష్ట్రాలను మందలించింది కూడా. దేశంలో అతి ఎక్కువగా కట్టడాలు లేచిన ప్రాంతాల్లో ఒకటైన ఈ కారిడార్ నుంచి వచ్చే సెస్సుతో, ఆ కట్టడాలు లేపినవాళ్ల కాళ్లకు కట్టు కట్టడం న్యాయమైన ఖర్చు. 2013 కంపెనీల చట్టం పెద్ద కంపెనీలు సగటు లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలంటుంది, ఆరోగ్యం ఆ జాబితాలో ఉంది. ఈ కారిడార్‌లోని రాయదుర్గంలో కార్యాలయాలున్న కంపెనీలు ఆ సొమ్ములో కొంత తమ గేటు బయటే ఖర్చు పెట్టవచ్చు. అయితే జీతాలు ప్రభుత్వమే ఇవ్వాలి. ఏడాదికోసారి దాత మారితే నర్సు మారతారు, నర్సు మారితే నమ్మకం పోతుంది. నర్సుల కొరత మాటకు జవాబు నర్సుల దగ్గరే ఉంది. చదివిన చదువుకు తగ్గ అధికారం, ఎదుగుదల లేకనే చాలామంది గల్ఫుకూ, బ్రిటన్‌కూ పోతున్నారు. సొంతంగా నిర్ణయం తీసుకునే కొలువు ఇక్కడే ఉంటే కొందరైనా ఆగుతారు.

రాత్రివేళ నర్సు వీధిలో ఎలా తిరుగుతారన్న మాట కూడా వస్తుంది. ఒంటరిగా తిరగకూడదు. వాహనం, డ్రైవరు, వీధి బతుకు తెలిసిన ఒక కార్యకర్త వెంట ఉండాలి. ఒడియా, హిందీ, బెంగాలీ వచ్చినవాళ్లు జట్టులో ఉండాలి. తెల్లవారుజామున లింగంపల్లి, కొండాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల అడ్డాల మీద రెండు మూడు గంటలు, పని దిగాక రాత్రి మళ్లీ రెండు మూడు గంటలు. తీసిన రక్తం తెలంగాణ డయాగ్నొస్టిక్స్‌కు, రోగి వివరాలు అతని జేబులో ఉండే చిన్న పుస్తకంలో. వీటితోపాటు, ఆసుపత్రి నుంచి డిశ్చార్జి అయినవాళ్లు రెండు వారాలు పడుకుని కోలుకునేందుకు కొండాపూర్ ఆసుపత్రికి దగ్గర్లో ఇరవై ముప్పై మంచాల కేంద్రం ఒకటి కావాలి. భద్రత గురించి ఆందోళన పడేవాళ్లకు ఇంకొక్క మాట. ఆ చీకట్లో ఆడవాళ్లు, పసిపిల్లలు రోజూ పడుకుంటున్నారు. అక్కడికి ప్రభుత్వ వాహనం వచ్చి వెలుతురు పడితే వాళ్ల భద్రత కూడా పెరుగుతుంది.

కాబట్టి నేను అడుగుతున్నవి మూడు. నిమ్స్ లాంటి వైద్య సంస్థలో, మిడ్‌వైఫరీ శిక్షణ నమూనాగా, వీధి వైద్యానికి నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు పెట్టాలి. కారిడార్‌లో మొదట కొన్ని జట్లతో పని మొదలుపెట్టి, ఎన్ని పుండ్లు మానాయో, ఎన్ని టీబీ కోర్సులు పూర్తయ్యాయో ఏటా లెక్క ప్రజల ముందు పెట్టాలి. నర్సు పంపిన రోగికి ప్రభుత్వ ఆసుపత్రి తలుపు కార్డుతో, తోడుతో పని లేకుండా తెరుచుకోవాలని ఉత్తర్వు ఇవ్వాలి. లెక్క చెడ్డగా వస్తే పద్ధతి మార్చుకుందాం; ప్రయత్నించకుండా మాత్రం కుదరదనవద్దు. ఈ ప్రాంతానికి భూమి, కరెంటు, రోడ్లు, మెట్రో ఎంత త్వరగా తెచ్చుకున్నామో మనకు తెలుసు. అనుకున్న పని చేయగల నగరం ఇది. ఆ సత్తాను ఈ నగరాన్ని కట్టినవాళ్ల ఆరోగ్యానికి కూడా వాడమని అడగడం దయ కోరడం కాదు, బాకీ తీర్చమనడం.